టెన్‌బీ సమాధిరాళ్ళు చదవడం ఎలా

ముప్పై ఒక్క ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పాను. సమానం గుర్తు ఎన్ని లక్షల సార్లు బోర్డు మీద గీశానో లెక్క లేదు. ఆ గుర్తు కనిపెట్టినాయన పుట్టిన ఊరు బ్రిటన్‌లోని వేల్స్‌లో సముద్రం ఒడ్డున ఉందని రిటైరయ్యాకే తెలిసింది. మా అమ్మాయి నర్సుగా పనిచేసే స్వాన్సీ నుంచి రైలెక్కితే రెండు గంటల లోపే అక్కడికి చేరొచ్చు. ఆ ఊరి పేరు టెన్‌బీ. మూడేళ్ళలో మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి చాలామందిలాగే బీచ్ చూసి, ఐస్‌క్రీం తిని, చర్చి ముందు ఫొటో దిగి వచ్చేశాను. రెండోసారి, మూడోసారి అక్కడి రాళ్ళు చదివాను. యూకేలో మన పిల్లలు ఇప్పుడు ఊరికి నలుగురైనా ఉంటున్నారు, మనలాంటి పెద్దవాళ్ళం చూడ్డానికి వెళ్తున్నాం. వెళ్ళినవాళ్ళు నా మొదటి ప్రయాణంలా ఊరికే తిరిగి రాకూడదని ఇది రాస్తున్నాను.

నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టాను. మా గుంటూరు వైపు నవంబరు 2న సమాధుల పండుగ. ముందురోజే గడ్డి పీకి, సమాధికి సున్నం వేసి, సాయంత్రం బంతిపూలు పరిచి కొవ్వొత్తులు వెలిగిస్తాం. దక్షిణ వేల్స్‌లో కూడా ఇలాంటి ఆచారం ఉంది. మట్టల ఆదివారాన్ని వాళ్ళు 'సీల్ అ బ్లోదాయ్' అంటారు, పూల ఆదివారం అని అర్థం. ఆ వారం సమాధులు కడిగి, సున్నం కొట్టి, పూలు పెట్టేవాళ్ళు. ఆ సంగతి విన్న తర్వాత నాకు అక్కడ పరాయి చోట ఉన్నట్టు అనిపించలేదు. మీరు ఏ మతం వాళ్ళైనా సరే, చెప్పులు విడవనక్కర్లేదు, తల మీద కొంగు కప్పుకోనక్కర్లేదు. నెమ్మదిగా నడిచి, నెమ్మదిగా మాట్లాడితే చాలు.

వెళ్ళేముందు

స్వాన్సీ నుంచి పెంబ్రోక్ డాక్ వెళ్ళే రైలు టెన్‌బీలో ఆగుతుంది. స్టేషన్ నుంచి పాత ఊరు పది నిమిషాల నడక. వేసవిలో పగటిపూట కోటగోడ లోపలికి కార్లు రానివ్వరు, కాబట్టి కారున్నవాళ్ళకీ రైలే సుఖం. కోటగోడ 13వ శతాబ్దంలో మొదలైంది, ఇప్పటికీ చాలా భాగం నిలబడే ఉంది. ఐదు తోరణాల ద్వారం దాటి లోపలికి అడుగుపెడితే సన్నటి వీధుల మధ్య ఎక్కడినుంచైనా ఒక శిఖరం కనిపిస్తుంది. అదే సెయింట్ మేరీస్ చర్చి. శిఖరం ఎత్తు 152 అడుగులు. ఒకప్పుడు పడవలవాళ్ళు దాన్ని గుర్తు పెట్టుకుని రేవుకి వచ్చేవాళ్ళు.

సంచిలో ఇవి పెట్టుకోండి: చిన్న టార్చి, అరచేతికి కొంచెం పెద్దదైన అద్దం, నోటుబుక్కు, పెన్సిలు (వానలో పెన్ను సిరా కారిపోతుంది), గాలికి తిరగబడని వాన కోటు. గొడుగు వద్దు, ఆ గాలికి రెండు నిమిషాలు ఆగదు. మోకాళ్ళ కింద వేసుకోవడానికి ఒక ప్లాస్టిక్ సంచి కూడా తీసుకెళ్ళండి. పాత రాళ్ళ అడుగు వరసలు గడ్డిలో ఉంటాయి, కూర్చోకుండా చదవలేం.

ఒక్క రోజుకి ఒక్క చర్చి చాలు. ఐదు చర్చిలు చుట్టబెట్టే ప్రయత్నం చేయకండి. మా అమ్మాయి మొదట చేసిన లిస్టులో ఏడు ఉన్నాయి. ఐదు నేనే కొట్టేశాను.

చర్చి లోపల

సెయింట్ మేరీస్ వేల్స్‌లోని మధ్యయుగపు పారిష్ చర్చిల్లో చాలా పెద్దది. 13వ శతాబ్దపు కట్టడం, 15వ శతాబ్దంలో ఊరు వ్యాపారంతో బాగా సంపాదించినప్పుడు పెంచి కట్టారు. అడుగుపెట్టగానే తల ఎత్తండి. బలిపీఠం వైపు చెక్క కప్పు మన గూడుబండి కప్పులా వంపు తిరిగి ఉంటుంది. చెక్కలు కలిసే చోటల్లా చెక్కిన బొడిపెలున్నాయి. మెడ నొప్పి పుడితే బల్ల మీద వెల్లకిలా కాకుండా వెనక్కి వాలి కూర్చుని చూడండి. నేను అలాగే చూశాను.

పాతకాలంలో డబ్బున్నవాళ్ళని చర్చి లోపల, మిగతావాళ్ళని బయట దొడ్డిలో పాతిపెట్టేవాళ్ళు. బయటివాళ్ళలో చాలామందికి 18వ శతాబ్దం దాకా రాయి కూడా ఉండేది కాదు, మహా అయితే ఒక చెక్క. అందుకే పాత సంగతులు కావాలంటే లోపల మొదలుపెట్టాలి.

నేను వెతుక్కుంటూ వెళ్ళింది రాబర్ట్ రికార్డ్‌ని. 1510 ప్రాంతంలో ఈ ఊళ్ళో పుట్టాడు. డాక్టరు, లెక్కల పండితుడు. 1557లో వచ్చిన 'ది వెట్‌స్టోన్ ఆఫ్ విట్' అనే పుస్తకంలో, 'దీనికి అది సమానం' అన్న మాటలు పదే పదే రాయడం విసుగని, వాటి బదులు రెండు సమాంతర గీతలు పెడుతున్నానని రాశాడు. ఆ రెండు గీతలే ఎందుకంటే, వాటికంటే సమానమైనవి రెండు ఇంకేవీ ఉండవన్నాడు. ఆ పుస్తకంలో ఆ గీతలు మనం గీసేవాటికంటే చాలా పొడుగ్గా ఉంటాయి. పాపం, మరుసటి ఏడాదే లండన్‌లో జైల్లో చనిపోయాడు. ఒక పెద్ద దొర వేసిన పరువునష్టం దావాలో ఓడి, ఆ సొమ్ము కట్టలేకపోయాడు. అందుకే ఇక్కడ ఆయన సమాధి లేదు. గోడకి ఛాతీ వరకూ చెక్కిన శిల్పం, కింద నాలుగు మాటల ఫలకం ఉన్నాయి. వెతుకుతూ అలిసిపోకండి, లోపల ఉండే చర్చివాళ్ళని అడిగితే దగ్గరుండి చూపిస్తారు.

మా మనవడికి తొమ్మిదేళ్ళు. ఫలకం మీద అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. మాటల మధ్యలో ఆ గుర్తు కూడా చెక్కి ఉంది. వాడు దాని మీద వేలు పెట్టబోయి, ఆగి, "అమ్మమ్మా, ఇదే నీ ఈజ్ ఈక్వల్ టు" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళ సుద్దముక్క పొడి ఒక్కసారి వేళ్ళకి అంటినట్టయింది. నా దగ్గర చదివిన పిల్లలందరి తరఫునా ఆయనకి దండం పెట్టుకున్నాను.

అదే చర్చిలో థామస్ వైట్, జాన్ వైట్ అనే ఇద్దరు వర్తకుల సమాధి ఉంది. పాలరాయిలా కనిపించే అలబాస్టర్‌లో పడుకున్న మనుషుల్లా చెక్కారు. ఇద్దరూ ఈ ఊరికి మేయర్లుగా చేసినవాళ్ళే. 1471లో యుద్ధంలో ఓడిన పక్షంవాడు జాస్పర్ ట్యూడర్, అన్న కొడుకు హెన్రీని వెంటబెట్టుకుని ఈ ఊరికి పారిపోయి వస్తే, వాళ్ళు పడవలో ఫ్రాన్స్ వైపు దాటిపోయేందుకు సాయం చేసింది ఈ థామస్ వైటే. హెన్రీకి అప్పుడు పద్నాలుగేళ్ళు. 1485లో తిరిగొచ్చి ఇంగ్లండ్‌కి రాజయ్యాడు, ఏడో హెన్రీ. పక్కనున్న దుకాణాల కింద నేలమాళిగలో ఆ పిల్లవాణ్ణి దాచారని ఊళ్ళో చెప్పుకుంటారు. సమాధి ముందు నిలబడినప్పుడు ఈ కథ తెలిసి ఉంటే ఆ రాతిమొహాలు వేరేగా కనిపిస్తాయి. అందుకే, ఏ చర్చికి వెళ్ళినా ముందురోజు రాత్రి అరగంట చదువుకుని వెళ్ళండి.

ఇంకొకటి చూసి పిల్లలు భయపడొచ్చు, ముందే చెప్పి తీసుకెళ్ళండి. ఒక సమాధి మీద పడుకున్న బొమ్మ ఎండి, ఎముకలు తేలిన శవం. ఎంత గొప్పవాడైనా చివరికి ఇంతే అని చూసేవాళ్ళకి గుర్తుచేయడానికి 15వ శతాబ్దంలో పెద్దవాళ్ళు తమ సమాధుల మీద ఇలా చెక్కించుకునేవాళ్ళు. మా వాడు భయపడలేదు గానీ బయటికొచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఒక ఆడమనిషి. స్కాట్స్‌బరోకి చెందిన థామస్ ఆప్ రీస్ భార్య, మార్గరెట్. 1610లో చనిపోయింది. పది మంది పిల్లల్ని కన్న తల్లి. ఆమె పక్కన భర్త మోకాళ్ళ మీద ఉన్నట్టు చెక్కారు. మా అమ్మాయి ప్రసూతి వార్డులో పనిచేస్తుంది. దాని మొహంలోకి చూసి నేనేమీ అడగలేదు.

ఆ భర్త పేరులోని 'ఆప్' చిన్నమాట కాదు, దాన్ని పట్టుకుంటే వేల్స్ పేర్లన్నీ విడిపోతాయి. 'ఆప్' అంటే ఫలానావాడి కొడుకు. ఆప్ రీస్ అంటే రీస్ కొడుకు. కాలక్రమంలో ఆప్, రీస్ కలిసిపోయి ప్రైస్ అయింది. ఆప్ హవెల్ పావెల్ అయింది, ఆబ్ ఇవాన్ బెవాన్ అయింది. కూతురైతే 'వెర్ఖ్' అని పెడతారు. తర్వాతి కాలంలో ఇంటిపేర్లు స్థిరపడ్డాక ఊరంతా జోన్స్‌లు, డేవిస్‌లు, విలియమ్స్‌లే మిగిలారు. దాంతో ఏ జోన్స్ అని తెలియడానికి సమాధి మీద వాళ్ళ పొలం పేరో, ఇంటి పేరో కూడా చెక్కేవాళ్ళు. ఇంటిపేరు అంటే నిజంగా ఇంటి పేరే! మనకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కాబట్టి రాయి నోట్ చేసుకునేటప్పుడు మనిషి పేరు ఒక్కటే రాసుకోకండి, పక్కనున్న ఆ పొలం పేరు తప్పకుండా రాసుకోండి. తర్వాత వెతకడానికి పనికొచ్చేది అదే.

బయట దొడ్డిలో

ఇక అసలు పని. మొదట నేను చేసిన తప్పు చెబుతాను, మీరు చేయకండి. ఒక రాయి మీద అక్షరాలు అరిగిపోయి ఉంటే, అలవాటు కొద్దీ సంచిలోంచి సుద్దముక్క తీసి అక్షరాల మీద రుద్దబోయాను. అక్కడ పూలు సర్దుతున్న పెద్దావిడ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది. కోప్పడలేదు. సుద్ద రాతి సందుల్లోకి దిగిపోయి ఏళ్ళ తరబడి పోదని, నాచులాంటి పొక్కుల్ని గీకితే దాంతోపాటు రాతి పైపొర, అక్షరంతో సహా, ఊడిపోతుందని వివరించింది. షేవింగ్ క్రీము, తీగ బ్రష్షు, వెనిగర్, బ్లీచింగ్, ఇవేవీ తగలనివ్వకూడదు. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం కూడా అడగకుండా చేయకూడదు. అప్పుడావిడ తన ఫోన్ టార్చి వెలిగించి రాతి అంచుకి ఆనించినట్టు పక్కనుంచి పట్టుకుంది. అంతవరకూ బోడిగా ఉన్న రాతి మీద ఒక వరస మొత్తం పైకి లేచింది.

కిటుకు అదే. వెలుతురు ఎదురుగా పడితే గుంటలు కనిపించవు. పక్కనుంచి, రాతిని రాసుకుంటూ వెళ్ళినట్టు పడితే ప్రతి గుంటకీ నీడ వస్తుంది, ఆ నీడే అక్షరం. ఎండ ఉంటే టార్చి కూడా అక్కర్లేదు, అద్దం చాలు. ఒకరు రాతికి ఒక పక్కన రెండు మూడు గజాల దూరంలో నిలబడి అద్దంతో ఎండని రాతి మీదికి ఏటవాలుగా తిప్పాలి, ఇంకొకరు చదవాలి. మనుషులు ఇద్దరుండాలి కాబట్టి ఒంటరిగా వెళ్ళకండి.

ఎన్నింటికి వెళ్ళాలో లెక్క వేసుకోవచ్చు. పాత క్రైస్తవ సమాధుల్లో పాదాలు తూర్పు వైపు పెడతారు. అందుకని నిలువు రాళ్ళు చాలావరకు తూర్పుకో, పడమరకో తిరిగి ఉంటాయి. అంటే సూర్యుడు సరిగ్గా దక్షిణాన ఉన్నప్పుడు ఎండ రెండు ముఖాల్నీ రాసుకుంటూ పోతుంది. టెన్‌బీ గ్రీన్‌విచ్‌కి పడమరగా దాదాపు 4.7 డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 19 నిమిషాలు ఆలస్యం. వేసవిలో గడియారం ఒక గంట ముందుకి తిప్పి ఉంటుంది. కలిపితే అక్కడి అసలు మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై ప్రాంతం. దానికి ముందు అరగంట తూర్పు ముఖపు రాళ్ళు, తర్వాత అరగంట పడమటి ముఖపు రాళ్ళు చదవండి. మిగతా కుటుంబం భోజనానికి పోదామని తొందరపెట్టే వేళ అదే. ముందే ఇంత తినిపించి తీసుకెళ్ళండి.

రాయి రకం చూసి ఆశ పెట్టుకోవాలి. సున్నపురాయి వానకి కరుగుతుంది, అక్షరాల అంచులు సబ్బుబిళ్ళలా అరిగిపోతాయి. ఇసుకరాయి పొరలు పొరలుగా ఊడుతుంది. పలకరాయి మాత్రం రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా నిన్న చెక్కినట్టే ఉంటుంది. పెంబ్రోక్‌షైర్ ఉత్తరాన పలకరాయి గనులుండేవి. మనం చిన్నప్పుడు బలపంతో దిద్దిన పలక ఆ జాతి రాయే. మార్కాపురం పలకల మీద అక్షరాలు నేర్చుకున్న నాకు, ఆ నల్లటి చల్లటి రాయి చేత్తో ముట్టుకోగానే తెలిసిపోయింది.

ఒక్క రాయి సంగతి చెబుతాను. పేరు రాయను. పలకరాయి, నా నడుమెత్తు, కొంచెం పక్కకి ఒరిగి ఉంది. పైన ఒక లంగరు బొమ్మ. ఒక నావికుడి భార్య పేరు, ఆమె వయసు ముప్పై నాలుగు. కింద 'అలాగే' అని మొదలుపెట్టి ఒక మగపిల్లాడు, పదకొండు నెలలు. మళ్ళీ 'అలాగే', ఒక ఆడపిల్ల, మూడేళ్ళు. ఆ కింద రెండు వరసల ఖాళీ, చదునుగా నున్నగా చేసి వదిలేశారు. మా వాడు అద్దం అటూ ఇటూ తిప్పి ఎంత వెతికినా అక్కడ ఏమీ లేదు. "ఇక్కడ ఎవరి పేరు అమ్మమ్మా?" అని అడిగాడు. ఆ ఖాళీ భర్త కోసం ఉంచింది. ఆయన ఇక్కడికి తిరిగి రాలేదో, మళ్ళీ పెళ్ళి చేసుకుని ఇంకోచోట ఉండిపోయాడో, సముద్రంలోనే పోయాడో రాయి చెప్పదు. మా అమ్మ సమాధి పక్కన నాన్నగారు తన కోసం జాగా ఉంచమని చెప్పిన రోజు గుర్తొచ్చి కాసేపు అక్కడే కూర్చున్నాను. అందుకే రాసి ఉన్నవాటితో పాటు రాయకుండా వదిలిన చోటు కూడా నోటుబుక్కులో రాసుకోండి.

రాతి మీది బొమ్మలకి అర్థాలున్నాయి. లంగరు అంటే ఆశ, నావికుడి ఇంట్లో వృత్తికి గుర్తు కూడా. విరిగిన స్తంభం అంటే అర్ధాంతరంగా పోయిన మనిషి. గుడ్డ కప్పిన కలశం దుఃఖానికి. పట్టుకున్న రెండు చేతులు వీడ్కోలుకి, మళ్ళీ కలుసుకోవడానికి. పుర్రె, ఇసుక గడియారం కనిపిస్తే ఆ రాయి 17, 18 శతాబ్దాలది అయి ఉండే అవకాశం ఎక్కువ. ఇంగ్లీషు రాళ్ళ మీద 'రెలిక్ట్' అని కనిపిస్తే ఫలానావారి విధవ అని అర్థం, మిగిలిపోయినది అని ఆ మాటకి మూలం. చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది.

తేదీలతో ఒక చిక్కు ఉంది, దీంట్లో చదువుకున్నవాళ్ళూ పొరపడతారు. 1752కి ముందు అక్కడ కొత్త సంవత్సరం జనవరి 1న కాదు, మార్చి 25న మొదలయ్యేది, దాదాపు మన ఉగాది రోజుల్లోనే. కాబట్టి రాతి మీద 1720 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1721. కొన్నిచోట్ల రెండు సంవత్సరాలూ గీత గీసి పక్కపక్కన చెక్కారు. 1720 మే తర్వాత వచ్చేది 1720 ఫిబ్రవరి. ఇది తెలియకపోతే తల్లి చనిపోయాక బిడ్డ పుట్టినట్టు లెక్క తప్పుతుంది.

టెన్‌బీలో రాళ్ళు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. 12వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్ రాజు ఈ దక్షిణపు కొసలో ఇప్పటి బెల్జియం వైపు ఉండే ఫ్లెమిష్ జనాన్ని తెచ్చి స్థిరపరిచాడు, అప్పటినుంచి ఈ ముక్క ఇంగ్లీషు మాట్లాడే ప్రాంతమైపోయింది. ఊరికి వేల్స్ సొంత భాష వెల్ష్‌లో పేరు మాత్రం నిలిచింది: దిన్‌బిఖ్ అ పస్గోద్, చేపల చిన్నకోట. కాస్త ఉత్తరానికి వెళ్తే వెల్ష్ రాళ్ళు వస్తాయి. నాలుగు మాటలు తెలిస్తే సగం రాయి చదివేయొచ్చు. ఇ-ఆర్, సి-ఓ-ఎఫ్, ఎ-ఎం అని మూడు ముక్కలు పైన కనిపిస్తే 'ఎర్ గోవ్ అమ్' లేదా 'ఎర్ కోవ్ అమ్', జ్ఞాపకార్థం అని. హెచ్-ఇ-ఎఫ్-వై-డి అంటే 'హెవిద్', అలాగే. బి-యు, ఎఫ్-ఎ-ఆర్-డబ్ల్యు అంటే 'బీ వారు', చనిపోయారు. 'గ్వ్రైగ్' భార్య, 'మాబ్' కొడుకు, 'మెర్ఖ్' కూతురు. ఊరి పేరు 'ల్లాన్' అని మొదలైతే అక్కడ పాత చర్చి, దాని చుట్టూ ఆవరణ ఉండేదని అర్థం. ఆ శబ్దం పలకడానికి నాలుకని 'ల'కి పెట్టినట్టే పెట్టి, గొంతు కలపకుండా పక్కనుంచి గాలి ఊదాలి. మా వాడికి ఒక్కసారికే వచ్చింది, నాకు ఇంకా రాలేదు.

మర్యాదలు కొన్ని. ఒరిగిన రాతికి ఆనుకోకండి, పిల్లల్ని ఎక్కనివ్వకండి. అవి క్వింటాళ్ళ బరువు, అడుగున పట్టు ఉండకపోవచ్చు. కొత్త సమాధుల ఫొటోలు తీయకండి, తీసినా బంధువులు బతికి ఉండే పేర్లు ఆన్‌లైన్‌లో పెట్టకండి. ఆదివారం పొద్దున్న ఆరాధన జరుగుతుంటే లోపల తిరగకండి, వెనక బల్ల మీద కూర్చోండి, ఎవరూ కాదనరు. హుండీలో రెండు మూడు పౌండ్లు వేయండి. ఆ శిఖరం, ఆ కప్పు నిలబెట్టడానికి ఏటా చాలా ఖర్చవుతుంది.

మీకు నచ్చిన రాయి గురించి ఇంకా తెలుసుకోవాలంటే హావర్‌ఫర్డ్‌వెస్ట్‌లో పెంబ్రోక్‌షైర్ ఆర్కైవ్స్ ఉంది, అబెరిస్ట్‌విత్‌లో వేల్స్ జాతీయ గ్రంథాలయం ఉంది. ఆ గ్రంథాలయం పాత వార్తాపత్రికలు 1919 దాకా ఇంట్లో కూర్చుని ఉచితంగా చదవొచ్చు. పుట్టుక, చావుల ప్రభుత్వ నమోదు 1837 జూలైలో మొదలైంది, అంతకుముందువాటికి చర్చి రిజిస్టర్లే ఆధారం. 1850లలో వచ్చిన చట్టాలతో నిండిపోయిన పట్టణ చర్చి దొడ్లలో పాతిపెట్టడం ఆపి ఊరి బయట శ్మశానాలు తెరిచారు. అందుకే ఊరి నడిమధ్య రాళ్ళలో ఆ తర్వాతి తేదీలు తక్కువ.

ఇంకో రోజు ఉంటే

రేవులోకి దిగితే సెయింట్ జూలియన్స్ అనే చిన్న గుడి కనిపిస్తుంది. చేపలు పట్టేవాళ్ళది. ఒక్క గది. పది నిమిషాలు కూర్చుంటే చాలు, తలుపు అవతల పడవల తాళ్ళు గాలికి టపటప కొట్టుకోవడం వినిపిస్తుంది. దానికి దగ్గర్లోనే ఒక ఇంటి గుమ్మం పైన గ్రీకులో ఒక వాక్యం చెక్కి ఉంది: సముద్రం మనుషుల పీడలన్నీ కడిగేస్తుంది. ఆ ఇల్లు 19వ శతాబ్దం మొదట్లో విలియం పాక్స్‌టన్ కట్టించిన సముద్రస్నానాల గృహం. ఆయన కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ టంకశాలకి అధికారిగా చేసి డబ్బు గడించినవాడు. ఈ ఊరు సెలవులకొచ్చే ఊరుగా మారడంలో ఆ డబ్బు పాత్ర ఉంది. ఆ గుమ్మం కింద నిలబడి మనవాళ్ళు ఈ సంగతి తలుచుకోవాలని నాకుంది.

ఊరికి పడమర రెండు మైళ్ళ దూరంలో గంఫ్రెస్టన్ అనే పల్లెలో సెయింట్ లారెన్స్ చర్చి ఉంది. దారిలో నడవడానికి చోటు లేదు, టాక్సీలో వెళ్ళండి. దొడ్డిలో చెట్ల కింద మూడు ఊటలు పక్కపక్కనే పుడతాయి. రోగాలు పోతాయని పూర్వం యాత్రికులు వచ్చేవాళ్ళు. ఈస్టర్ రోజున ఊరివాళ్ళు వంచిన గుండుసూదులు ఆ నీళ్ళలో వేసి, ఉపవాస కాలాన్ని పారేశాం అనేవాళ్ళు. నీళ్ళు తాగకండి, చెయ్యి ముంచి చూడండి, ఎండాకాలంలో కూడా వేళ్ళు కొంకర్లు పోతాయి.

కాల్డీ దీవికి మాత్రం తప్పక వెళ్ళండి. ఈస్టర్ నుంచి అక్టోబరు దాకా పడవలుంటాయి. ఇరవై నిమిషాల ప్రయాణం. ఆదివారాలు, గాలి ఎక్కువున్న రోజులు మినహాయించుకుని పెట్టుకోండి. పోటు ఉంటే రేవులో ఎక్కాలి, ఆటు అయితే కాసిల్ బీచ్‌లో ఎక్కాలి, కాబట్టి టికెట్ కొనేటప్పుడే తిరుగు పడవ ఎక్కడ దింపుతుందో అడగండి. అక్కడ 1929 నుంచి సిస్టర్షియన్ సన్యాసులు ఉంటున్నారు. పాత మఠంలో సెయింట్ ఇల్‌తిడ్ చర్చి ఉంది, శిఖరం ఒక పక్కకి వాలిపోయి ఉంటుంది. లోపల నేలకి సముద్రపు గులకరాళ్ళు పరిచారు, మోకాలి నొప్పులున్నవాళ్ళు చూసి అడుగేయండి.

ఆ చర్చిలో ఒక రాయి నిలబడి ఉంది. అంచున ఓగం అనే పాత గీతల లిపి, ముఖం మీద లాటిన్. వెయ్యేళ్ళు దాటిన రాయి. లాటిన్‌లో ఉన్నది ఇంచుమించు ఇది: నేను దీని మీద చెక్కిన సిలువ గుర్తు సాక్షిగా, ఈ దారిన నడిచే వాళ్ళందరినీ వేడుకుంటున్నాను, కత్వోకోనుస్ ఆత్మ కోసం ప్రార్థించండి.

నేను మెల్లగా అర్థం చెప్పాను. మా వాడు రాతిని, నన్ను మార్చి మార్చి చూశాడు. "మనం ఈ దారిన నడిచాం కదా అమ్మమ్మా. మరి చెయ్యాలిగా?"

చెయ్యాలి నాన్నా అన్నాను. అమ్మాయి ఫోన్ లోపల పెట్టింది. ముగ్గురం ఆ గులకరాళ్ళ మీద నిలబడి 'పరలోకమందున్న మా తండ్రీ' తెలుగులో చెప్పుకున్నాం. వాడికి మధ్యలో రెండు మాటలు రాలేదు, వాళ్ళమ్మ అందించింది. బయటికి వచ్చేసరికి పడవ వేళైంది. ఆటు తీసింది, తిరుగు పడవ మమ్మల్ని కాసిల్ బీచ్‌లోనే దింపింది.